చిటికెడు మొగ్గు

భోజనానికి లేస్తూ కాశీవిశ్వనాథం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "కాసేపు చూసుకో. బెల్లం అడిగితే కొత్త దిమ్మలోంచి ఇయ్యి. పాతది అడుగున ఉంది, దాన్ని కదపకు," అని కొడుక్కి చెప్పి, మెట్ల దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వెనక్కి చూడకుండా తుని బజారులో కలిసిపోయాడు. వెనక్కి చూడకపోవడం ఆయన మర్యాద. చూస్తే నమ్మకం లేనట్టుంటుందని. ఆయన లేచిన పరుపు మీద గుంట ఇంకా వెచ్చగానే ఉంది. కుక్కుటేశ్వరరావు అందులో కూర్చుని, అందులో కూర్చున్నప్పుడల్లా జరిగినట్టే, తనకి తెలియకుండా కొంచెం కుడికి ఒరిగాడు. కుడి పక్కన దూలానికి కాటా వేలాడుతోంది. ఏళ్ళ తరబడి ఒకే మనిషి అటు చెయ్యి చాపి చాపి పరుపుని కూడా అటే వంచేశాడు, ఇక దాని మీద ఎవరు కూర్చున్నా కాశీవిశ్వనాథంలాగే కూర్చోవాలి. మాఘమాసపు ఎండ మెట్ల మీద దాకా వచ్చి ఆగింది. దిమ్మ మీద కందిరీగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి, వాలబోయి మనసు మార్చుకుని గాలిలోనే నిలబడుతున్నాయి. ఎంత హాయిగా ఉంది, అనుకున్నాడు. ఇంత హాయిగా ఉండడానికి తనకి హక్కు లేదని వెంటనే గుర్తొచ్చింది, అయినా హాయి పోలేదు, బెల్లం వాసనలాగా అక్కడే, పరుపు చుట్టూనే ఉంది. కందిరీగ రెక్క కొడుతోందా, వణుకుతోందా? కళ్ళకి రెక్క కనపడదు, ఒక పొగలాంటిది కనపడుతుంది. దాని రెక్కకి పైన ఎంత వంపు, కింద ఎంత వంపు?

మళ్ళీ ఆ గీతే. మద్రాసు నుంచి వచ్చినప్పటినుంచీ ఏది చూసినా చివరికి ఆ గీత దగ్గరికే వస్తున్నాడు. గ్రాఫు కాగితం మీద తిన్నగా, ఏటవాలుగా ఎగబాకే అందమైన గీత, ఒక్క చుక్క కూడా పక్కకి జరగలేదు, చూసినవాళ్ళు మెచ్చుకోవాలి. కాని సున్నా మీదుగా పోవలసింది సున్నాకి ఒక వెంట్రుక పైనుంచి పోయింది. రెక్కకి పైన ఎంత వంపో కిందా అంతే వంపు ఉంటే, దాన్ని గాలికి ఎదురుగా, తల ఎత్తకుండా దించకుండా నిలబెడితే, గాలి పైనుంచి సగం, కిందనుంచి సగం పోతుంది. రెక్క పైకీ లేవదు, కిందికీ దిగదు. విమానాల చదువులో మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా ఇది తెలుసు. తనూ, హాస్టలు గదిలో తనతో ఉండే ఏసురాజూ చివరి సంవత్సరం వాళ్ళు. అయినా వీళ్ళు పరీక్షకి చేసిన చెక్క రెక్క తల ఎత్తకుండానే లేస్తోంది. కొంచెమే. ప్రతిసారీ అంతే కొంచెం. తల ఎత్తినప్పుడు లేవవలసినదానికంటే అంతే కొంచెం ఎక్కువ, దించినప్పుడు దిగవలసినదానికంటే అంతే కొంచెం తక్కువ. ప్రొఫెసరు గ్రాఫుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు. "గాలి ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వదు. ఎవరిస్తున్నారో కనుక్కుని రండి," అన్నాడు తన ఇంగ్లీషులో, నవ్వకుండా. అని, ఏసురాజు వైపు చూశాడు.

ఏసురాజు వైపు చూడడంలో ఆయన తప్పేమీ లేదు. రెక్క లేవకూడని చోట లేస్తోందంటే చెక్క వంకరైనా ఉండాలి, దాన్ని బిగించిన కోణం వంకరైనా ఉండాలి. రెండూ ఏసురాజు పనులే. నరసాపురంలో వాళ్ళ నాన్న సామ్యేలు పడవలు కట్టే వడ్రంగి. తండ్రి చేతి పని కొడుకు చేతికొచ్చింది. హాస్టలు గదిలో మంచం కింద టేకు పొట్టు పరుచుకుని, ఆ కొసనుంచి ఈ కొసదాకా అరచేత్తో రాసి రాసి, కళ్ళు మూసుకుని వేళ్ళతో చూసి, ఆ రెక్కని చెక్కాడు. రాత్రిళ్ళు దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకునేవాడు. "ఒరేయ్, అది రెక్కా, పెళ్ళామా?" అంటే, "నీకేం తెలుసురా, పేరులో కోడిని పెట్టుకున్నవాడివి. కోడికి విమానాల చదువేంట్రా అసలు. ఎగిరితే గోడ దాకా," అనేవాడు. ఇప్పుడు ఆ నవ్వు లేదు. బిగింపు మూడు మాట్లు విప్పి బిగించారు, గీత కదలలేదు. అయితే చెక్కే, అన్నాడు ప్రొఫెసరు. కాగితం మీద లెక్కలన్నీ బాగున్నాయి గనక కుక్కుటేశ్వరరావు ఈ ఏడే పాసై బయటపడొచ్చు, మోడలు చేసినవాడు మాత్రం మోడలు సరిచెయ్యాలి, సోమవారానికి సరికాకపోతే వచ్చే ఏడు మళ్ళీ మొదట్నుంచి. వరండాలోకి వచ్చాక ఏసురాజు తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుని, "చెయ్యే మోసం చేసిందిరా," అన్నాడు. అప్పుడు కుక్కుటేశ్వరరావు ఏమన్నాడు? ఏమీ అనలేదు. కాదురా అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఇప్పుడు కాటా పక్కన ఈ వెచ్చటి గుంటలో కూర్చుంటే తెలుస్తోంది, అది ఊరుకోవడం కాదని. లోపల ఎక్కడో తనూ ప్రొఫెసరుతో పాటు తల ఊపాడు. స్నేహితుడి చెయ్యి తప్పు చేసి ఉంటుందని నమ్మడం ఎంత తేలిక, తనకి చేతులున్నట్టే గుర్తుండదు.

వీధిలో ఎవరో సైకిలు దిగి, "ఏం బాబూ, ఎప్పుడొచ్చావు? విమానం నడపడం వచ్చేసిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. అందరూ అడిగేది అదే. నడపడం కాదండీ, కట్టడం అని మొదట్లో చెప్పేవాడు. ఇప్పుడు వచ్చేసిందండీ అంటాడు. సీటు వచ్చిందని తెలిసిన రోజు చుట్టాలందరూ ఈ మెట్ల మీదే కూర్చున్నారు. పెదనాన్న మాత్రం, "మనవాళ్ళలో కిరాణా చదువు చదివారు, ప్లీడరీ చదివారు. వీడు గాలి చదువు చదువుతానంటాడేంటి?" అన్నాడు. గాలి చదువు అన్న మాటకి కొట్టంతా నవ్వింది. గాలికి తిరిగేవాడు, గాలి కబుర్లు, గాలి చదువు. నాన్న నవ్వలేదు. కాగితం పొట్లం కట్టడం పూర్తిచేసి, పురికొస తెంపి, "గాలి లేకపోతే ఎవరు బతుకుతారు?" అన్నాడు, అంతే, సంగతి ముగిసింది. మద్రాసులో మొదటి వారం క్లాసులో రెక్క ఎప్పుడు స్టాలవుతుందని అడిగారు. స్టాలంటే తనకి తెలిసింది ఎగ్జిబిషన్లో గాజుల స్టాలు, స్టేషన్లో టీ స్టాలు. రెక్క కొట్టు పెట్టడమేంటని లేచి నిలబడ్డాడు, నిలబడ్డాడు గనక ఏదో ఒకటి చెప్పాలి గనక, "జనం ఎక్కువగా ఉన్నప్పుడు," అన్నాడు. ఆ నవ్వు కూడా పెదనాన్న నవ్వులాంటిదే. దాన్ని మొయ్యడం ఈ కొట్టులోనే అలవాటైపోయింది. ఆ సాయంత్రం మెస్సులో పక్కన వచ్చి కూర్చుని, "నువ్వు చెప్పింది తప్పేం కాదురా. తల మరీ ఎత్తితే గాలి పట్టు తప్పి రెక్క కూలబడుతుంది, జనం మరీ ఎక్కువైతే కొట్టూ కూలబడుతుంది," అన్నవాడు ఏసురాజు. అప్పటికి పేరు కూడా తెలీదు. గోదావరి మాట వినపడగానే ఇద్దరికీ ఆకలేసింది.

"కిలో బెల్లం" అన్నారెవరో. కిలో రాయి ఒక పళ్ళెంలో పెట్టి, దిమ్మని సుత్తితో కొట్టి, పెద్ద ముక్క రెండో పళ్ళెంలో వేశాడు. కళ్ళు అక్కడే ఉన్నాయి, మనసు మద్రాసులో ఉంది. అక్కడా కాటాయే. టన్నెల్లో, అంటే రెక్కని గాలికి నిలబెట్టి పరీక్షించే గొట్టంలాంటి గదిలో, పెద్ద ఫ్యాను హోరుమని గాలిని తోస్తుంటే పైన అద్దం వెనక రెక్క పైకి లాగుతుంది. కింద కాటా పళ్ళెంలో రాళ్ళు వేస్తూ పోవాలి, పెద్దవి, తర్వాత చిన్నవి, తర్వాత గోరంత రేకులు. ముల్లు నడిమి గీత మీద నిలిచాక పళ్ళెంలో ఎంత బరువుందో రెక్క అంత బరువు ఎత్తుతోందన్నమాట. ఆ పని తనదని ఎవరూ పంచలేదు. మొదటి రోజే వెళ్ళి కాటా ముందు కూర్చున్నాడు. "షావుకారు కొడుకువి కదా, కాటా కనపడితే కాళ్ళు ఆగవు," అన్నాడు ఏసురాజు కోణం బిగిస్తూ. ఫ్యాను హోరు, నూనె వాసన, కాళ్ళ కింద నేల సన్నగా వణకడం, ఆ వణుకులో ముల్లు వణకడం. ఆ గదిలో తను ఎంత సంతోషంగా ఉండేవాడో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు కాకినాడ దారిలో మేనమామ గారి ఊళ్ళో వరి చేలకి మందు జల్లడానికి ఒక పచ్చ విమానం వచ్చింది. చేను చివరి దాకా నేలని రాసుకుంటూ పోయి, తాటిచెట్ల ముందు ఒక రెక్క దించి తిరిగింది. అందరూ ముక్కుకి పంచెలు అడ్డుపెట్టుకుని పరిగెత్తారు, తనొక్కడే చేలోనే నిలబడి, మందు వాసన పీలుస్తూ, రెక్క దించినప్పుడు అది పడకుండా ఎవరు పట్టుకున్నారా అని చూశాడు. కనపడనిది ఏదో పట్టుకుంది. దాని బరువు తూచొచ్చని అప్పుడు తెలీదు. ముల్లు నడిమి గీత మీదికి వచ్చింది. కిలో సరిపోయింది. చెయ్యి దిమ్మ పక్కన రాలిన పొడిలోంచి ఒక చిటికెడు తీసి పళ్ళెంలో వేసింది. పళ్ళెం కిందికి దిగింది. పొట్లం కట్టాడు. మనిషి వెళ్ళిపోయాడు.

చెయ్యి వేసింది. ఆ మాట మనసులో ఎవరో గట్టిగా అన్నట్టు వినిపించింది. తను వెయ్యలేదు, చెయ్యి వేసింది. తను చేలో నిలబడి ఉన్నాడు, మద్రాసులో ఉన్నాడు, ముల్లు సరిపోవడం చూశాడు కూడా. చూసి, సరిపోయింది అనుకున్నాడు, అనుకున్నాక చెయ్యి ఇంకో చిటికెడు వేసింది. మనిషి తను లేనప్పుడు తన చెయ్యి ఏం చేస్తుందో ఎప్పుడూ చూడలేడు, చూడబోతే వచ్చేస్తాడు. ఇప్పుడు ఎలాగో గుమ్మం దగ్గర నిలబడి, లోపల తను లేని ఇంట్లో తన చెయ్యి పని చేసుకోవడం చూసినట్టయింది. కుక్కుటేశ్వరరావు కదలకుండా కూర్చున్నాడు. కదిలితే పోతుందేమోనని భయం. ఒక కందిరీగ వచ్చి పళ్ళెం అంచు మీద వాలింది. ఫ్యాను హోరు. గోరంత రేకు. ముల్లు నిలిచింది. నిలిచాక?

"బాబూ, అరవీశె బెల్లం ఇయ్యి. పానకానికి. నల్లది వద్దు," అంటూ పాపాయమ్మ మెట్లెక్కింది. కాటా కిలోల్లోకి మారి ఎన్నేళ్ళయినా ఆవిడ వీశెల్లోనే అడుగుతుంది, నాన్న కిలోల్లోకి మార్చి ఇస్తాడు, ఇద్దరిలో ఎవరూ ఎవరినీ దిద్దరు. కుక్కుటేశ్వరరావు రాళ్ళు పెట్టి, ముక్క వేసి, పొడి వేసి, ముల్లు మీద చూపు పెట్టాడు. సరిపోయింది. చెయ్యి పొడి వైపు కదిలింది. ఆపాడు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకోవాలన్నంతగా లాగింది, చీమ పాకినట్టు వేళ్ళ కొసల్లో ఏదో తిరిగింది. ఆపి, పళ్ళెం కాగితంలోకి ఒంపబోయాడు.

"ఆగు. ఏంటది?" అంది పాపాయమ్మ.

"సరిపోయిందండి."

"సరిపోవడమేంటి? మొగ్గేదీ?"

"ముల్లు చూడండి పాపాయమ్మగారూ, తిన్నగా ఉంది."

"తిన్నగా ఉంటే ఎలా? నీ పళ్ళెమూ నా పళ్ళెమూ సమానమైతే నేను నీ కొట్టుకెందుకు రావాలి?" ఆవిడ చేతిసంచీ కింద పెట్టి కూలబడింది. "మీ తాతకాలం నుంచీ కొంటున్నాను. మొగ్గు లేకుండా తూచినవాడిని ఈ కొట్లో ఇవాళే చూశాను. మద్రాసు వెళ్ళి నేర్చుకున్నది ఇదా నాయనా?"

నవ్వొచ్చింది. అంత నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, పాపాయమ్మ కూడా భయపడింది. చిటికెడు కాదు, గుప్పెడు పొడి తీసి వేశాడు, పళ్ళెం ఠక్కున దిగిపోయింది. "మరీ అంతొద్దులే," అంది ఆవిడ, అన్యాయం తన వైపైనా ఒప్పుకోని దానిలా. మొగ్గు. ఈ కొట్టులో తను నేర్చుకున్న మొదటి మాట. గల్లాపెట్టె ఎత్తుకి తల అందని రోజుల్లో నాన్న తన చేతి మీద చెయ్యి వేసి తూయించేవాడు. ముల్లు నడిమికి రాగానే తను సంబరపడి చప్పట్లు కొట్టబోతే, "అయిపోలేదు. ఇంతవరకూ రాయి మాట విన్నాం. ఇప్పుడు మనిషి మాట వినాలి," అని చిటికెడు వేయించేవాడు, పళ్ళెం కొన్నవాళ్ళ వైపు మొగ్గేదాకా. మొగ్గాకే తూకం. అంతకుముందు ఉన్నది తూకం కాదు, తూకం ఇంకా జరుగుతోందన్నమాట. అది మాటగా నేర్చుకుని ఉంటే మద్రాసులో మర్చిపోయి ఉండేవాడు. చేతితో నేర్చుకున్నాడు. లాబొరేటరీలో పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు పైన అద్దం వెనక ఉన్న రెక్క చేతికి ఏమని కనపడింది? కొనడానికి వచ్చిన మనిషిలా కనపడి ఉంటుంది. సరిపోయాక ఒక గోరంత రేకు. దానికి కూడా మొగ్గు. లేవవలసిన చోట ఒక చిటికెడు, దిగవలసిన చోట ఒక చిటికెడు, సున్నా దగ్గర, గాలి ఏమీ ఇవ్వని చోట, ఊరికే ఒక చిటికెడు. ఎవరిస్తున్నారో కనుక్కుని రండి. తుని బజారులో కాశీవిశ్వనాథం కిరాణా కొట్టు ఇస్తోందండీ.

పాపాయమ్మ చూస్తుండగానే రాయి మార్చి, ముక్క మార్చి మళ్ళీ తూచాడు. సరిపెట్టి, చెయ్యిని దాని మానాన వదిలేసి, వేరే సంగతి తలుచుకుని, పాపాయమ్మ మనవడు ఏం చదువుతున్నాడని అడుగుతూ, చెయ్యి వేసిన చిటికెడుని తర్వాత విడిగా తీసి చిన్న రాళ్ళతో తూచాడు. మళ్ళీ. మళ్ళీ. ఎంత పెద్ద తూకమైనా ఎంత చిన్న తూకమైనా మొగ్గు అంతే, చెప్పినట్టు అంతే. గీత పైకి జరగడం, ఎక్కడా వంకర పోకుండా మొత్తం గీత ఒకే వెంట్రుకవాసి జరగడం ఇదే కదా. చెక్క వంకరైతే గీత ఇంత అందంగా ఉండదేమో. అందం చూసి అనుమానం రావలసింది. సిగ్గు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. రెక్క మంచిదే. ఏసురాజు వేళ్ళు మంచివే. తన వేళ్ళు కూడా, ఆలోచిస్తే, చెడ్డవి కావు. ఎవరూ అడగని చోట కూడా ఇవ్వడానికి అలవాటు పడ్డాయి, అంతే. ఇన్నాళ్ళూ ఈ కొట్టు వేరు, ఆ టన్నెలు వేరు, నడుమ పొడుగాటి రైలు దారి ఉందనుకున్నాడు. రైలు దిగేటప్పుడు చేతులు కూడా తనతోనే దిగాయి మరి. కడుపు నిండినట్టుంది. "మీవాడికేం పిచ్చా?" అని పాపాయమ్మ నాన్నని అడగబోతోంది, కచ్చితంగా అడుగుతుంది.

"ఇవాళ ఏం వారమండీ?" అన్నాడు ఆమెతో, ఊరికే, సంతోషంగా ఉన్నవాడు ఏదో ఒకటి అడిగినట్టు.

"శనివారం. పొద్దున్న గుళ్ళో కనపడలేదా నువ్వు?"

శనివారం. చేతిలో ఉన్న చిన్న రాయిని వదిలేశాడు. రైల్లో కింది బల్ల మీద రెక్కని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏసురాజు అన్న మాట: "పైన ఒక పొర తీసేస్తానురా. సన్నగా, కాగితమంత. అప్పుడైనా లేవదేమో చూద్దాం." మీ నాన్న చిత్రిక ఇస్తాడా అంటే, "పడవల దగ్గర్నుంచి సాయంత్రం ఇంటికి తెస్తాడుగా. శనివారమే అయిపోవాలి. ఆదివారం మా ఇంట్లో పనిముట్టు తాకనివ్వరు." నిడదవోలులో దిగి, నరసాపురం బండి కోసం తువ్వాలు మూటని పసిబిడ్డలా చంకనేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం రాత్రి అదే స్టేషన్లో ఎక్కాలి. ఈ సాయంత్రం, దీపాలు పెట్టే లోపల, తప్పులేని రెక్క మీద వాడు చిత్రిక పెడతాడు. తీసిన పొర తిరిగి అతకదు. సోమవారం అప్పుడు నిజంగానే వంకర రెక్క ఉంటుంది, వాడి చెయ్యి నిజంగానే తప్పు చేసి ఉంటుంది, ఒక ఏడాది పోతుంది. ఏడాది పోవడం అటుంచి, వాడు తన అరచెయ్యిని ఇక ఎప్పటికీ నమ్మడు. చెప్పులు ఎక్కడ? చెప్పులు వద్దు.

"పాపాయమ్మగారూ, నాన్న వచ్చేదాకా కూర్చోండి. ఎవరైనా వస్తే తూచి ఇవ్వండి."

"నేనా? నాకు కాటా పట్టడం రాదయ్యా."

"మొగ్గు తెలుసుగా. చాలు."

పోస్టాఫీసుకి రైల్వే గేటు దాటాలి. గేటు పడి ఉంది, గూడ్సు బండి, దాని పెట్టెలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎప్పటికీ అయిపోవనిపించింది. అరికాళ్ళకి కంకర. ఎవరో కాశీవిశ్వనాథంగారి అబ్బాయి కాళ్ళకి చెప్పులు లేకుండా పరిగెత్తడం చూసి, ఎవరికేమైందని కేకేశారు. ఎవరికీ ఏమీ కాలేదండీ అని తనూ కేకేశాడు. అది నిజం, ఇంకా కాలేదు. కిటికీ వెనక తంతి గుమాస్తా అమ్మిరాజు మధ్యాహ్నపు బద్ధకంలో చెవి గోక్కుంటున్నాడు. కాగితం తీసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని పెదాలు కదుపుతూ చదివాడు. మొగ్గు నాది. రెక్క ముట్టుకోకు.

"ఇదేంటండి, కోడి పందేలా?"

"కాదండి. చదువుకి సంబంధించింది. సాయంత్రం లోపల నరసాపురం చేరాలి."

"లైను ఖాళీగానే ఉంది, చేరుతుంది. చేరడం కాదు సంగతి. మొగ్గంటే నాకు తెలుసు. అవతల రాసుకునేవాడు కొత్తవాడనుకోండి, తప్పు పడిందనుకుని దిద్దేస్తాడు. ముగ్గు నాది అంటాడు. ఇంకా తెలివైనవాడైతే మగ్గు నాది అంటాడు. ఇంగ్లీషులో చెప్పెయ్యండి, దిద్దరు."

ఇంగ్లీషులో. కుక్కుటేశ్వరరావు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. పుస్తకాల్లో ఉన్న మాటలన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి, ఎర్రర్, ఎక్సెస్, బయాస్. మొదటిది చూస్తే ఏసురాజు తన తప్పే అనుకుంటాడు, వారం రోజులుగా అనుకుంటున్నాడు గనక. మిగతావి చూస్తే ఏమీ అనుకోడు. సోమవారం ప్రొఫెసరు ముందు ఏదో ఒక మాట వెతకాలి, వెతుకుతాడు, అక్కడికి ఒక రోజు రైలుంది. ఇప్పుడు కావలసింది పడవల వడ్రంగి కొడుక్కి ఒక్క చూపులో తెలిసే మాట, వాళ్ళమ్మ సువార్తమ్మ చిన్నప్పుడు వాణ్ని కొట్టుకి పంపేటప్పుడు మరీ మరీ చెప్పి పంపే మాట. బెల్లం మొగ్గు, అని దిద్దాడు. బెల్లం పక్కనుంటే ఏ గుమాస్తా అయినా ముగ్గు అనుకోడు. "కాటా దగ్గర బెల్లం మొగ్గు నాది. రెక్క మంచిది. ముట్టుకోకు."

"ఇప్పుడు బాగుంది," అన్నాడు అమ్మిరాజు. "కాని పైన క్షేమం అని పెట్టండి. ఆ ఇంట్లో ఆడవాళ్ళుంటారు కదా, తంతి అనగానే ముందు ఏడ్చి తర్వాత చదువుతారు."

క్షేమం అని పెట్టాడు. అమ్మిరాజు కాగితం ముందు పెట్టుకుని మీట మీద వేలు వేశాడు. టక్కులు మొదలయ్యాయి, పొట్టివి, పొడుగువి. కాళ్ళ కింద రైలు పోయిన నేల ఇంకా సన్నగా వణుకుతున్నట్టే ఉంది. సామర్లకోట, రాజమండ్రి, వంతెన, ఆవల నిడదవోలు, కాలవ గట్టు వెంబడి స్తంభాలు, ఒక ఇంటి అరుగు మీద తువ్వాల్లో చుట్టిన రెక్క. వాడు చదివి ముందు ఏమంటాడు? షావుకారు బుద్ధి అంటాడు. అనాలి. తర్వాత అరచెయ్యి తిప్పి చూసుకుంటాడు. ఆ చూపు కోసం ఆదివారం రాత్రి దాకా ఆగగలడు. టక్కులు ఆగాయి. అమ్మిరాజు ఒకసారి కాగితం వైపు చూసి, చిరునామా దగ్గర వేలు పెట్టాడు.

"ఎం. ఏసురాజు అని రాశారు. పక్కన గారు లేదే?"

"వాడు నా రూమ్మేటండి. గారు ఏంటి, అలా అంటే తిడతాడు."

"మీకు రూమ్మేటు. తంతి పట్టుకెళ్ళేవాడికి కాదు కదా. వీధిలో నిలబడి పేరు పెట్టి కేకేస్తాడు." మళ్ళీ మీట మీద వేలు పెట్టాడు. "దానికేం తీసుకోనులెండి," అంటూ, అప్పటికే సరిపోయిన తంతికి ఇంకో నాలుగు టక్కులు కలిపాడు.